పొలిమేర రాయి నుండి శిక్షాస్మృతి దాకా

ప్రత్యేక సంచికకు రెవెన్యూ శాఖ అనుభవాల మీద ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. జమాబందీల గురించి, బదిలీల గురించి, తుఫాను డ్యూటీల గురించి మిత్రులు ఇదివరకే చక్కగా వ్రాశారు. అందుచేత నేను వేరే విషయం ఎంచుకొన్నాను. మన సంఘం నెలవారీ సమావేశాలలో పెన్షను, డి.ఆర్. బకాయిలు, వైద్య ఖర్చుల బిల్లుల తరువాత తరచుగా వినవచ్చే మాట ఒకటున్నది. "నా స్థలంలో ఎవరో పాక వేశారండీ. స్టేషనుకు వెళితే ఇది సివిల్ తగాదా, కోర్టుకు పొమ్మంటున్నారు" అని.

ముప్ఫై అయిదేళ్ళ సర్వీసు తరువాత చేతికి వచ్చిన గ్రాట్యుటీతో రెండు వందల గజాలు కొనుక్కొన్నవానికి ఆ మాట ఎంత కష్టంగా ఉంటుందో చెప్పనక్కరలేదు. పరాయివాడు మన హద్దులోకి అడుగుపెట్టడం కళ్ళకు కనబడుతుంటే అది నేరం కాదంటారేమిటి? పోలీసువారు తప్పించుకొనడానికి అంటున్నారా, లేక చట్టంలోనే అటువంటిదేమైనా ఉన్నదా? కొన్ని సందర్భాలలో మొదటిది నిజం కావచ్చు గాని, రెండవది ఎప్పుడూ నిజమే. ఇది అర్థం కావాలంటే కొంచెం వెనుకకు, అనగా స్మృతుల కాలం నుండీ రావలసి ఉంటుంది.

ధర్మశాస్త్రాలలో ఎల్లలు

మన ప్రాచీనులు వ్యాజ్యాలను పద్దెనిమిది రకాలుగా విభజించారు. అందులో సీమావివాదం ఒకటి. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో ఈ భాగం చదివితే సర్వే శాఖలో పనిచేసినవారికి ముచ్చట వేస్తుంది. పొలిమేరల మీద మర్రి, రావి, మోదుగ, బూరుగ, తాటి వంటి దీర్ఘకాలం బ్రతికే చెట్లు నాటమన్నారు. ఎల్లలు కలిసేచోట చెరువులు, బావులు, గుడులు కట్టమన్నారు. అవి పైకి కనబడే గుర్తులు. చెట్టు నరికేవాడు, బావి పూడ్చేవాడు ఉంటాడని కూడా వారికి తెలుసు. అందుకని భూమిలోపల రాళ్ళు, ఎముకలు, ఊక, బూడిద, పెంకులు, ఇటుకలు, బొగ్గులు, ఇసుక వంటి చీకిపోని వస్తువులు పాతిపెట్టమన్నారు. మనం పొలం మూలల్లో పాతిన సర్వే రాళ్ళకు ఇవే తాతలు.

గుర్తులు కూడా పోతే సాక్షులే గతి. ఆ సాక్షులు తలమీద మట్టి పెట్టుకొని, ఎర్రని పూలదండలు, ఎర్రని బట్టలు ధరించి, తమ పుణ్యం మీద ప్రమాణం చేసి హద్దు చెప్పాలట. మట్టి మోసినవాడు మట్టి గురించి అబద్ధమాడడానికి జంకుతాడని వారి నమ్మకం.

ఇక శిక్ష సంగతి. ఇల్లుగాని, చెరువుగాని, తోటగాని, పొలంగాని బెదిరించి ఆక్రమించినవానికి ఐదు వందల పణాలు జరిమానా. తెలియక ఆక్రమించినవానికి రెండు వందలు. ఈ రెండు అంకెలనూ పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. ఆక్రమణ రెండుచోట్లా ఒకటే, పోయిన భూమీ ఒకటే. కాని జరిమానా వేరు, ఎందుకంటే మనసులోని ఉద్దేశం వేరు. ఈనాడు స్టేషనులో మనకు ఎదురయ్యే ప్రశ్నకు మూలం ఇక్కడే కనబడుతున్నది.

యాజ్ఞవల్క్యస్మృతిలో మరొక ముఖ్యమైన మాట ఉన్నది. తన భూమిని పరుడు అనుభవిస్తూ ఉంటే చూస్తూ, ఏమీ అనకుండా ఊరుకొన్నవానికి ఇరువది సంవత్సరాలలో నష్టం కలుగుతుందన్నారు. ఇతర ధనమైతే పది సంవత్సరాలే. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర వ్యాఖ్యను పదమూడవ శతాబ్దంలో కేతన "విజ్ఞానేశ్వరీయము" అనే పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. అనగా ధర్మశాస్త్ర వ్యవహారాలు తెలుగువానికి తెలుగులో అందుబాటులోకి వచ్చి ఏడు వందల ఏళ్ళు దాటింది. మనువు కొన్నింటికి మినహాయింపు ఇచ్చాడు. ఊరి ఎల్ల, బాలుని సొత్తు, తాకట్టు, రాజు సొత్తు ఇటువంటివి ఇతరుల అనుభవం వల్ల పోవన్నాడు. ప్రభుత్వ భూమికి వేరే గడువు అన్న ఈనాటి నియమం మనకు కొత్తగా వచ్చింది కాదన్నమాట.

మన శాసనాలలో దానభూమికి తూర్పున ఫలానా చెరువు, దక్షిణాన ఫలానా పుట్ట అంటూ ఎల్లలు చెప్పి, చివర ఒక శాపం చెక్కించేవారు. తానిచ్చినదైనా, ఒరులిచ్చినదైనా భూమిని అపహరించినవాడు అరువది వేల సంవత్సరాలు మలంలో పురుగై పుడతాడని దాని భావం. రాజు మారినా, రాజ్యం మారినా పనిచేయవలసిన శిక్ష కనుక దానిని రాజుకు వదలక పరలోకానికి అప్పగించారు.

కన్నం వేసినవాని చేయి

పొలం గట్టు దాటడం వేరు, ఇంటి గోడ దాటడం వేరు. ఈ భేదం కూడా పాతదే. రాత్రివేళ గోడకు కన్నం వేసి దొంగిలించినవాని చేతులు నరికించి కొరత వేయించమని మనువు చెప్పాడు. సంస్కృతంలో దీనిని సంధిచ్ఛేదం అన్నారు. శూద్రకుని "మృచ్ఛకటికం" మూడవ అంకంలో శర్విలకుడనే బ్రాహ్మణుడు చారుదత్తుని ఇంటికి కన్నం వేస్తూ, ఏ ఆకారంలో వేస్తే అందంగా ఉంటుందని ఆలోచిస్తాడు. కొలతాడు మరిచిపోయి జందెంతో కొలుచుకొంటాడు! నవ్వు వచ్చే ఘట్టమే గాని, మట్టిగోడల ఇళ్ళ కాలంలో కన్నపు దొంగ ఎంతటి భయమో దానివల్ల తెలుస్తుంది. మా చిన్నతనంలో కూడా ఊళ్ళో కన్నం పడిందంటే ఆ వారమంతా ఎవరికీ నిద్రపట్టేది కాదు.

మెకాలే చిత్తుప్రతి

ఈస్టిండియా కంపెనీ పాలనలో మద్రాసు రాజధాని జిల్లాలలోని కోర్టులు ఇస్లామీయ నేరధర్మాన్ని, దానికి కంపెనీ వారు రెగ్యులేషన్ల ద్వారా చేసిన మార్పులను కలిపి నడిపేవి. మద్రాసు పట్నంలో ఇంగ్లీషు న్యాయం. ఈ గందరగోళాన్ని తొలగించడానికి 1833 చార్టర్ చట్టం క్రింద లా కమిషన్ ఏర్పడింది. దాని అధ్యక్షుడు మెకాలే. 1837లో ఆయన శిక్షాస్మృతి చిత్తుప్రతి సమర్పించాడు. అది ఇరవై మూడేళ్ళు నానింది. చివరకు బార్నెస్ పీకాక్ చేతిలో మార్పులు పొంది 1860 అక్టోబరు 6న చట్టమై, 1862 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. అదే మనకు తెలిసిన ఐ.పి.సి.

ఇంగ్లండులో పరుల భూమిలో అడుగుపెట్టడం ప్రధానంగా నష్టపరిహారం దావాకు సంబంధించిన తప్పు. ఊరకే ప్రవేశించినంత మాత్రాన నేరం కాదు. "ప్రవేశించినవారు శిక్షింపబడుదురు" అని తోటల ముందు పెట్టే బోర్డులను అక్కడి లాయర్లు కొయ్య అబద్ధాలని వేళాకోళం చేసేవారు. ఆ సంప్రదాయంలో పెరిగినవారు మనకు చట్టం వ్రాసేటప్పుడు ప్రవేశాన్ని ఒక మెట్టు పైకి తెచ్చి నేరం చేశారు గాని, ప్రతి ప్రవేశాన్నీ కాదు.

441వ సెక్షన్‌లో మూడు అంశాలున్నాయి. ఒకటి, ఆస్తి ఇతరుని స్వాధీనంలో ఉండాలి. రెండు, దానిలోకి ప్రవేశించాలి, లేదా సక్రమంగానే ప్రవేశించి అక్రమంగా అక్కడే నిలిచిపోవాలి. మూడు, అలా చేయడంలో ఏదైనా నేరం చేయాలనో, స్వాధీనంలో ఉన్నవానిని బెదిరించాలనో, అవమానించాలనో, చికాకుపెట్టాలనో ఉద్దేశం ఉండాలి. ఈ మూడవది లేకపోతే నేరం లేదు. దీనికి 447 క్రింద మూడు నెలల వరకు ఖైదు, లేదా ఐదు వందల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మనువు ఐదు వందల పణాలకు, ఈ ఐదు వందల రూపాయలకు చుట్టరికం ఉన్నదని నేననను. కాని "బెదిరించి" అన్నమాట రెండుచోట్లా ఉండడం మాత్రం గమనించదగినది.

ఇంటి విషయంలో చట్టం గట్టిగా మాట్లాడింది. మనుషులు నివసించే కట్టడం, డేరా, పడవ, దేవాలయం వంటి ఆరాధనాస్థలం, సామాను భద్రపరచే కట్టడం వీటిలో దేనిలోకి ప్రవేశించినా శిక్ష సంవత్సరం వరకు. శరీరంలో ఏ భాగం లోపలికి వచ్చినా ప్రవేశించినట్లే. గోడకు కన్నం వేసి చేయి మాత్రం లోపల పెట్టినవాడు కూడా ఇంటిని భేదించినట్లేనని చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు. ఇల్లు భేదించడానికి ఆరు మార్గాలు చెప్పారు. తానే కన్నం చేసుకోవడం, గోడ ఎక్కడం, తాళం తీయడం, గడియ ఊడదీయడం, తలుపు దగ్గర ఉన్నవానిని పడత్రోయడం వంటివన్నీ అందులో వచ్చాయి. ఇంటివారు పోగొట్టుకొన్న తాళంచెవి దొరికితే దానితో తలుపు తీసినవాడు కూడా ఇంటిని భేదించినవాడే! సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు అయితే శిక్ష హెచ్చు. రాత్రివేళ చాటుగా చేరిగాని, ఇల్లు భేదించిగాని వచ్చినవాని ఉద్దేశం దొంగతనమైతే పద్నాలుగేళ్ళ వరకు పోవచ్చు. రాత్రి ఇల్లు భేదించేవాని విషయంలో ఆత్మరక్షణ హక్కు అవసరమైతే ప్రాణం తీయడం వరకు పోతుందని కూడా చెప్పారు.

ఈ సెక్షన్‌లు చదివేటప్పుడు నాకు బందెలదొడ్డి గుర్తుకు వస్తుంది. 1871లో పశువుల అక్రమ ప్రవేశానికి వేరే చట్టం చేశారు. చేలో పడి నష్టం చేసిన పశువును రైతు పట్టుకొని ఇరవై నాలుగు గంటలలోగా దొడ్డికి తోలాలి. యజమాని జరిమానా కట్టి విడిపించుకోవాలి. అక్కడ ఉద్దేశం ప్రసక్తి లేదు. గేదెకు ఉద్దేశం ఏముంటుంది? నష్టం ఎంత అన్నదే ప్రశ్న. మనిషి వచ్చేసరికి మాత్రం చట్టం అతని మనసులోకి తొంగిచూడవలసి వచ్చింది.

ఎవరు అక్రమ ప్రవేశకులు?

ఇక్కడ ఒక చేదు అధ్యాయం చెప్పక తప్పదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తరతరాలుగా పశువులు మేపుకొన్న అడవి రిజర్వు ఫారెస్టు అయింది. నిన్నటిదాకా ఆ అడవిలో కట్టెలు ఏరుకొన్నవాడు తెల్లవారేసరికి అనుమతి లేనివాడయ్యాడు. అతని కాలు కదలలేదు, హద్దే అతని మీదుగా జరిగింది. మా గుంటూరు జిల్లా పల్నాడులో రైతులు 1921లో పుల్లరి కట్టము పొమ్మన్నారు. మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులలో నేలకొరిగాడు. ఒక గీత గీసినవాడు తప్పు చేశాడా, దాటినవాడు తప్పు చేశాడా అన్న ప్రశ్న చట్టపుస్తకంలో ఉండదు. చరిత్రలో మాత్రం ఉంటుంది.

ప్రభుత్వ భూమి సంగతి మన శాఖ వారికి బాగా తెలుసు. 1905 భూ ఆక్రమణల చట్టం శిక్షాస్మృతి దారిలో పోలేదు. ఆక్రమణదారునికి నోటీసు, శిస్తు, దానిపై జరిమానా, చివరకు ఖాళీ చేయించడం. ఉద్దేశం అడగదు. నేను 1969లో తాలూకా కచ్చేరిలో గుమాస్తాగా చేరినప్పుడు శివాయిజమా లెక్కలు, బి మెమోల దస్తాలు నా బల్ల మీదనే ఉండేవి. విచిత్రమేమిటంటే, ఆక్రమించినందుకు కట్టిన జరిమానా రసీదులనే రైతులు పట్టాపుస్తకంలాగా గుడ్డలో చుట్టి దాచుకొనేవారు. "ఇన్నేళ్ళుగా ఈ నేల మీద ఉన్నట్లు సర్కారు వారే వ్రాసి ఇచ్చారు గదా బాబూ" అనేవారు. నవ్వుకొనేవాళ్ళం గాని, వారు చట్టాన్ని మాకంటే బాగా గ్రహించారని తరువాత తెలిసింది. చట్టం కాగితంతో పాటు స్వాధీనాన్ని కూడా చూస్తుంది. అనేకచోట్ల ముందు దానినే చూస్తుంది.

స్వాధీనమే మొదటి ప్రశ్న

441లో "యజమాని" అన్నమాట లేదు. "స్వాధీనంలో ఉన్నవాడు" అనే ఉన్నది. ఈ నేరంలో రాజీపడే హక్కు కూడా చట్టం స్వాధీనంలో ఉన్న వ్యక్తికే ఇచ్చింది.

ఇదే సూత్రం వేరే చట్టాలలోనూ ఉన్నది. 1877 నిర్దిష్ట ఉపశమన చట్టం తొమ్మిదవ సెక్షన్, 1963 చట్టంలో ఆరవ సెక్షన్ అయింది. తన సమ్మతి లేకుండా, న్యాయమార్గాన కాకుండా స్వాధీనం కోల్పోయినవాడు ఆరు నెలలలోగా దావా వేస్తే, ఎదుటివాడు తానే యజమానినన్నా వినరు. ముందు స్వాధీనం తిరిగి ఇప్పిస్తారు, హక్కు సంగతి తరువాత వేరే దావాలో తేల్చుకొమ్మంటారు. అయితే ప్రభుత్వం మీద ఈ దావా నడవదు.

క్రిమినల్ ప్రొసీజరు కోడ్ 145వ సెక్షన్ ఫైళ్ళు నడిపిన మిత్రులకు ఇది మరీ పరిచయం. శాంతిభద్రతలకు భంగం కలిగే భూతగాదాలో ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు హోదాలో మన తహసీలుదారుగారో, ఆర్.డి.ఓ. గారో తేల్చేది ఒక్కటే: ప్రాథమిక ఉత్తర్వు నాటికి స్వాధీనంలో ఎవరున్నారు? దానికి ముందు రెండు నెలల లోపల ఎవరినైనా బలవంతంగా వెళ్ళగొట్టారా? కక్షిదారులు తాతల నాటి దస్తావేజులు పళ్ళెంలో పెట్టి తెచ్చేవారు. వాటిని చూసి హక్కు తేల్చడం ఆ విచారణలో పని కాదని చెబితే మమ్మల్ని అనుమానంగా చూసేవారు.

కాలపరిమితి చట్టం యాజ్ఞవల్క్యుని ఇరువది సంవత్సరాలను పన్నెండుకు తగ్గించింది. ప్రైవేటు భూమికి పన్నెండేళ్ళు. ప్రభుత్వ భూమికి పూర్వం అరవై, 1963 చట్టం తరువాత ముప్ఫై. అంకెలు మారాయి గాని మూలసూత్రం అదే. చూస్తూ ఊరుకొన్నవానికి నష్టం.

ఈ హద్దులను కాపాడిన మనుషుల గురించి కూడా ఒకమాట. 1984 జనవరిలో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కలం గీతతో గట్టు జరిపిన కరణాలు లేకపోలేదు. కాని ఏ పుంత ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఏ రాయి ఏ ఏట కొట్టుకుపోయిందో చూపగల మనిషి కూడా వారితోనే పోయాడు. తలమీద మట్టి పెట్టుకొని హద్దు చెప్పే సాక్షికి బదులు ఎఫ్.ఎం.బి. కాగితం ఒక్కటే మిగిలింది.

తెలంగాణ మిత్రుల కోసం ఒక విషయం చెప్పాలి. నిజాం రాజ్యంలో ఆసఫియా శిక్షాస్మృతి ఉండేది. 1951 ఏప్రిల్ 1 నుండి ఐ.పి.సి. హైదరాబాదు రాష్ట్రానికి కూడా వర్తించింది. అప్పటి నుండి కృష్ణకు ఇవతలా అవతలా 441 ఒక్కటే.

న్యాయస్థానాల మాట

"చికాకుపెట్టే ఉద్దేశం" అంటే ఏమిటన్నదానిపై హైకోర్టులు భిన్నంగా చెబుతూ వచ్చాయి. పరుని స్థలంలోకి పోతే అతనికి చికాకు కలుగుతుందని ఎవరికైనా తెలుసు గదా, అది చాలదా అన్నది ప్రశ్న. పంజాబు నుండి వచ్చిన మథ్రి కేసులో సుప్రీంకోర్టు చాలదన్నది. 1964 రిపోర్టులలో వచ్చిన తీర్పు అది. చికాకు కలుగుతుందని తెలిసి ఉండడం వేరు, చికాకుపెట్టాలన్న లక్ష్యంతో పోవడం వేరు. ప్రాసిక్యూషను రుజువు చేయవలసింది రెండవది. ఇదంతా నాదేనని నమ్మి వచ్చానని ఒకడు ఒక దస్తావేజు చూపితే, ఆ నమ్మకం నిజమైనదని తోస్తే, నేరం నిలవడం కష్టం. స్టేషనులో "సివిల్ తగాదా" అన్నమాటకు ఆధారం ఇక్కడ ఉన్నది. నకిలీ దస్తావేజులు పుట్టించేవారికి ధైర్యం కలిగింది కూడా ఇక్కడే.

దానికి మన రాష్ట్రం ఒక సమాధానం వెదికింది. 1982లో ఆంధ్రప్రదేశ్ భూ ఆక్రమణల నిషేధ చట్టం వచ్చింది. బోగస్ గృహనిర్మాణ సంఘాలు పెట్టి, లేని హక్కులు కల్పించి, ముఠాలుగా పట్టణ భూములు కాజేస్తున్నవారి సంగతి దాని పీఠికలోనే చెప్పారు. ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ళ వరకు ఖైదు పెట్టారు. తరువాత 1987 సవరణతో ప్రత్యేక న్యాయస్థానం వచ్చింది. సివిల్ హక్కునూ, క్రిమినల్ నేరాన్నీ ఒకేచోట తేల్చే అధికారం దానికి ఇచ్చారు. అన్నిటికంటే ముఖ్యమైనది, భూమి ఫిర్యాదిదని మొదటి దృష్టికి తేలితే, తాను ఆక్రమణదారుణ్ణి కానని రుజువు చేసుకొనే భారం ఎదుటివాని మీద పెట్టారు. 441లో ఫిర్యాది మోయవలసిన బరువు ఇక్కడ భుజం మారింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇంకా కఠినమైన శిక్షలతో దీని స్థానంలో మరొక బిల్లును ఆమోదించింది.

2024 జూలై 1 నుండి ఐ.పి.సి. స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 441 ఇప్పుడు 329. నిర్వచనం దాదాపు అక్షరాలా అదే. ఖైదు కూడా అదే మూడు నెలలు, ఇంటికైతే సంవత్సరం. జరిమానా మాత్రం ఐదు వేల వరకు పెరిగింది. పాత 145 కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 164 అయింది. అంకెలు మారినా, ఉద్దేశం ఏమిటి, స్వాధీనంలో ఎవరున్నారు అనే రెండు ప్రశ్నలు మారలేదు.

ఇద్దరు మిత్రుల సంగతి

సుమారు పదిహేనేళ్ళ క్రితం నాకు తెలిసిన ఇద్దరు విశ్రాంత ఉద్యోగులకు ఇంచుమించు ఒకే కష్టం వచ్చింది. ఇద్దరికీ ఊరి చివర ఖాళీ స్థలాలు, ఇద్దరి పిల్లలూ దూరాన. ఒకాయన మూడేళ్ళు స్థలం ముఖం చూడలేదు. వెళ్ళి చూసేసరికి రేకుల షెడ్డు, కరెంటు మీటరు, అందులో ఒక కుటుంబం. ఆవేశం ఆపుకోలేక బంధువులను వెంటబెట్టుకొని వెళ్ళి రేకులు ఊడదీయించారు. మరునాడు ఆయన మీదనే 447, 427 సెక్షన్‌లతో కేసు కట్టారు. రిజిస్టరు దస్తావేజు చేతిలో ఉన్న డెబ్భై ఏళ్ళ మనిషి ముద్దాయిగా మేజిస్ట్రేటు కోర్టు వరండాలో నిలబడవలసి వచ్చింది. స్థలం చివరకు సివిల్ కోర్టులో ఆయనకే వచ్చింది. కాని ఆ తీర్పును ఆయన భార్య మాత్రమే విన్నది.

రెండవ ఆయన ప్రతి సంక్రాంతికి వెళ్ళి స్థలం చుట్టూ తిరిగి వచ్చేవారు. ఒక ఏడు పునాది కందకం కనబడింది. ఆ సాయంత్రమే స్టేషనులో వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకొన్నారు. వారం తిరగకుండా ఇంజంక్షను దావా వేశారు. పాత పన్ను రసీదులు, ఇ.సి., కంచెకు కూలి ఇచ్చిన చీటీ కూడా దాఖలు చేశారు. కందకం కందకంగానే నిలిచిపోయింది.

ఈ ఇద్దరి మధ్య భేదం అదృష్టం కాదు. 1968 రిపోర్టులలో వచ్చిన మున్షీరామ్ కేసులోనూ, 2004 రిపోర్టులలో వచ్చిన రామేగౌడ కేసులోనూ సుప్రీంకోర్టు చెప్పిన సూత్రమే అది. జొరబడుతున్నవానిని ఆ సమయంలో యజమాని అడ్డుకొనవచ్చు. కాని వాడు నిలకడగా కూర్చొన్న తరువాత, యజమానికి ఆ సంగతి తెలిసి ఊరుకొన్న తరువాత, బలంతో వెళ్ళగొట్టే హక్కు యజమానికి కూడా లేదు. న్యాయస్థానం ద్వారానే పోవాలి. అప్పుడు స్వాధీనంలో ఉన్నవాడు వాడు, ప్రవేశించినవాడు మనం అవుతాం.

మొదట విన్నప్పుడు ఇది అన్యాయంగా తోస్తుంది. కాని యజమానినని చెప్పుకొనే ప్రతివాడూ గడ్డపార పట్టుకొని బయలుదేరితే ముందుగా ఇల్లు పోగొట్టుకొనేది ఎవరు? మనుషుల బలం లేనివాడు, మనవంటి ముసలివాడు, అద్దెకున్న పేదవాడు. దొమ్మీలతో హక్కులు తేల్చుకొనే రోజులు పోవాలనే చట్టం ఈ కట్టుబాటు పెట్టింది. అది మనలను ఎంత విసిగించినా, మన ఇంటి తలుపును కాస్తున్నది కూడా అదే.

కనుక సభ్య మిత్రులకు నా మనవి. స్థలానికి కంచె వేయించండి. మూలల్లో రాళ్ళు పాతించి ఫోటోలు తీయించండి. ఖాళీ స్థలం పన్ను మీ పేరనే కట్టి రసీదు దాచండి. ఏడాదికొకసారి ఇ.సి. తీయించండి. పిల్లలు విదేశాలలో ఉంటే దగ్గరి మనిషికి చూడమని చెప్పి ఊరుకోక, మీరే ఒకసారి కాళ్ళతో తిరిగి రండి. ఎవరైనా అడుగుపెడితే ఆ రోజే వ్రాతపూర్వకంగా అడగండి. ఆరు నెలల గడువు మరువకండి. ఎంత కోపం వచ్చినా మనుషులను వెంటబెట్టుకొని వెళ్ళకండి. స్థలం మనదైనా, చూడక, మాట్లాడక ఊరుకొంటే అది మనకు దూరమవుతుందని కేతన కాలం నుండీ మనకు తెలుగులో చెబుతూనే ఉన్నారు.